హాల్వింగ్ అయితే ధర పెరగాల్సిందేనా? క్రిప్టో ధరని నిజంగా కదిలించేవేంటి

తూనికరాయి (పోస్టు 1)

ఈ వేదికలో వారానికోసారైనా ఎవరో ఒకరు రాస్తున్నారు: "హాల్వింగ్ అయిపోయింది, సరఫరా సగమైంది, ఇక ధర పెరగక ఏం చేస్తుంది?" ఈ మాటని అంకెలతో సరిచూద్దామని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. తెలిసినవాళ్ళు తలో చెయ్యి వెయ్యండి.

బిట్‌కాయిన్ లావాదేవీల్ని బ్లాకులుగా నమోదు చేసే కంప్యూటర్లవాళ్ళే మైనర్లు. వాళ్ళకి బ్లాకుకింతని దక్కే కొత్త కాయిన్లు దాదాపు నాలుగేళ్ళకోసారి సగమవడమే హాల్వింగ్. 2024 ఏప్రిల్‌లో 8,40,000వ బ్లాకు దగ్గర ఆ బహుమతి 6.25 నుంచి 3.125 బిట్‌కాయిన్లకు తగ్గింది. రోజుకు సుమారు 144 బ్లాకులు. అంటే రోజూ కొత్తగా పుట్టే కాయిన్లు 900 నుంచి 450కి వచ్చాయి. ధర 60,000 డాలర్లనుకుంటే తగ్గిన అమ్మకం రోజుకు 2.7 కోట్ల డాలర్లు. అదీ మైనర్లు తవ్విందంతా ఏ రోజుకారోజు అమ్మేస్తారనుకుంటేనే.

ఇప్పుడు రెండో పక్క చూడండి. అదే ఏడాది జనవరి 10న అమెరికాలో బిట్‌కాయిన్ స్పాట్ ఈటీఎఫ్‌లకు (బిట్‌కాయిన్లు కొని దాచి, వాటి మీద వాటాల్ని స్టాక్ మార్కెట్లో అమ్మే నిధులకు) అనుమతి వచ్చింది. మార్చి 12న ఒక్క రోజే వాటిలోకి నికరంగా వచ్చిన డబ్బు 100 కోట్ల డాలర్లు దాటింది. అప్పటి ధర ప్రకారం అది 14,000 కాయిన్లకు పైమాటే. 450 ఎక్కడ, 14,000 ఎక్కడ? 2021 నాటి పాత గరిష్ఠాన్ని ధర దాటింది కూడా మార్చిలోనే, హాల్వింగ్‌కు నెల ముందే.

ఇంకో సంగతి. ఇప్పటికి జరిగిన హాల్వింగ్‌లు నాలుగే: 2012, 2016, 2020, 2024. 2020 తర్వాత పెరిగిన మాట నిజం. కానీ అదే సమయంలో అమెరికా ఫెడరల్ రిజర్వ్ వడ్డీని సున్నా దగ్గరికి దించి మార్కెట్లలోకి డబ్బు వదిలింది. ఆ పెరుగుదలలో హాల్వింగ్ వాటా ఎంత, వడ్డీ వాటా ఎంత అని విడదీయడానికి నాలుగు ఉదాహరణలు చాలవు. పైగా హాల్వింగ్ తేదీ ఏళ్ళ ముందు నుంచే అందరికీ తెలుసు. అందరికీ తెలిసినదాని కోసం ఆ రోజు వచ్చేదాకా ఆగి కొనేవాళ్ళు ఎవరుంటారు?

హాల్వింగ్ ప్రభావం సున్నా అని నేననడం లేదు. రోజుకు 450 చొప్పున ఏడాదికి 1,64,000 కాయిన్ల అమ్మకం తగ్గడం చిన్న విషయం కాదు. అయితే అది నెమ్మదిగా పనిచేసే బలం, రోజువారీ ధరని కదిలించేది వేరే ఉంది.

కొత్త_మొలక (పోస్టు 2)

మంచి చర్చ. ఒక సందేహం. "ఒక్క రాత్రిలో మార్కెట్ నుంచి ఇన్ని వేల కోట్లు ఆవిరి" అని రాస్తుంటారు కదా, ఆ డబ్బంతా ఎవరు పట్టుకుపోయినట్టు?

ఆర్డర్‌బుక్_అద్దం (పోస్టు 3)

ఎవరూ పట్టుకుపోలేదండీ. అంత డబ్బు ముందసలు లోపలికి రానేలేదు. ఒక లెక్క చూడండి.

ఒక టోకెన్ ధర 100 డాలర్లు, చలామణిలో 10 కోట్ల కాయిన్లు. మార్కెట్ క్యాప్ 1,000 కోట్ల డాలర్లు. ఆర్డర్ బుక్‌లో (ఏ ధరకి ఎంత కొంటామని, అమ్ముతామని పెట్టిన ఆర్డర్ల జాబితాలో) కొనుగోలు వైపు ఇలా ఉంది:

99.5 దగ్గర 2,000 కాయిన్లు
99 దగ్గర 3,000
97 దగ్గర 4,000
94 దగ్గర 5,000

ఇప్పుడొకరు 12,000 కాయిన్లు మార్కెట్ ఆర్డర్‌తో, అంటే దొరికిన ధరకి, అమ్మారు. మొదటి మూడు మెట్లూ ఖాళీ, నాలుగో మెట్టులో 3,000 తెగాయి. అమ్మినవాళ్ళ చేతికొచ్చింది 11.66 లక్షల డాలర్లు, సగటు ధర 97.17. చివరి లావాదేవీ 94 దగ్గర జరిగింది కాబట్టి తెర మీద కనిపించే ధర 94. దాన్ని 10 కోట్ల కాయిన్లతో హెచ్చిస్తే మార్కెట్ క్యాప్ 940 కోట్లు. చేతులు మారింది 11.66 లక్షలు, "ఆవిరైంది" 60 కోట్లు. పెరిగేటప్పుడూ ఇదే లెక్క తలకిందులుగా నడుస్తుంది.

అందుకే నేను మార్కెట్ క్యాప్ కంటే లోతు చూడమంటాను. ప్రస్తుత ధరకి అటూ ఇటూ 2% లోపల ఎంత విలువైన ఆర్డర్లున్నాయన్నదే లోతు. చూసే పద్ధతి: ఎక్స్ఛేంజ్ ఇచ్చే ఆర్డర్ బుక్ డేటాని వారం పాటు గంటకోసారి నమోదు చేసి, మధ్యస్థ విలువ తీయండి. ఒక్కసారి చూసి వదిలేస్తే మోసపోతారు. పెద్ద ఆర్డర్లు చూపించి, ధర దగ్గరికి రాగానే తీసేసేవాళ్ళుంటారు. శని, ఆదివారాల్లో లోతు మామూలుగానే పలచబడుతుంది, దాన్ని విడిగా లెక్కగట్టండి.

ఎక్స్ఛేంజ్ ప్రకటించే ట్రేడింగ్ వాల్యూమ్‌ని మాత్రం నమ్ముకోవద్దు. 2019లో బిట్‌వైజ్ సంస్థ అమెరికా మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్ఈసీకి ఇచ్చిన విశ్లేషణలో, అప్పట్లో ప్రకటించిన బిట్‌కాయిన్ వాల్యూమ్‌లో దాదాపు 95% బూటకమని తేల్చింది. తన ఎడమచేతి నుంచి తన కుడిచేతికే అమ్ముకుంటే వాల్యూమ్ ఎంతైనా పుడుతుంది. వాల్యూమ్ ఘనంగా ఉండి 2% లోతు పలచగా ఉన్న టోకెన్ కనిపిస్తే అనుమానించాల్సిందే.

గొలుసు_గణకుడు (పోస్టు 4)

తూనికరాయి గారి లెక్కకి ఒక జోడింపు. "మైనింగ్ ఖర్చు కంటే ధర కిందికి పోదు" అనే నమ్మకం కూడా హాల్వింగ్ వాదానికి తోబుట్టువే. అది పనిచెయ్యదు. ఎందుకంటే ఖర్చు స్థిరంగా ఉండదు. ధర పడితే ఖర్చెక్కువున్న యంత్రాలు ఆగిపోతాయి. ప్రతి 2,016 బ్లాకులకోసారి, అంటే దాదాపు రెండు వారాలకి, డిఫికల్టీ (బ్లాకు తవ్వడం ఎంత కష్టమో చెప్పే అంకె) మారుతుంది. యంత్రాలు తగ్గితే డిఫికల్టీ తగ్గుతుంది, మిగిలినవాళ్ళకి ఒక్కో కాయిన్ చవగ్గా పడుతుంది. 2021లో చైనా మైనింగ్‌ని ఆపేయించాక జులై 3న డిఫికల్టీ ఒక్కసారే దాదాపు 28% తగ్గింది. నెట్‌వర్క్ ఆగలేదు, ఖర్చే దిగొచ్చింది. ధర వెనకాల ఖర్చు నడుస్తుంది, ఖర్చు వెనకాల ధర కాదు.

ఇక ఆన్‌చెయిన్ కొలతలు, అంటే బ్లాక్‌చెయిన్‌లో నమోదైన లావాదేవీల నుంచి తీసేవి. నాకు బాగా పనికొచ్చేది రియలైజ్డ్ ధర. ప్రతి కాయిన్‌నీ అది చివరిసారి కదిలినప్పటి ధరతో లెక్కగట్టి, మొత్తాన్ని కాయిన్ల సంఖ్యతో భాగిస్తే వస్తుంది. ఉన్నవాళ్ళందరి సగటు కొనుగోలు ధరకి ఇది ఉజ్జాయింపు. 2015లో, 2018 చివర్లో, 2022 చివర్లో మార్కెట్ ధర దీని కిందికి వెళ్ళింది. అంటే సగటు మదుపరి నష్టంలో ఉన్న దశ.

దీనిలో లొసుగులు కూడా చెప్పాలి:

ఎక్స్ఛేంజ్ తన పాత వాలెట్ నుంచి కొత్త వాలెట్‌కి కాయిన్లు మార్చినా "కదిలింది" కిందే లెక్క. ఎవరూ కొనలేదు, అమ్మలేదు, అయినా రియలైజ్డ్ ధర మారిపోతుంది. మొదటి ఏళ్ళలో పోయిన కాయిన్లు దాదాపు సున్నా ధరకి లెక్కలో కూర్చుని ఉంటాయి. ఇక ఈటీఎఫ్‌లో వాటా చేతులు మారితే బ్లాక్‌చెయిన్ మీద ఏమీ కనిపించదు. కాబట్టి 2024 తర్వాతి అంకెని 2018 నాటి అంకెతో నేరుగా పోల్చకూడదు.

స్టేబుల్ కాయిన్ల (టెథర్ లాంటి, డాలర్ విలువకి కట్టిన కాయిన్ల) ముద్రణ విషయంలోనూ జాగ్రత్త. "ఇవాళ 100 కోట్ల టెథర్ ముద్రించారు, రేపు పెరుగుతుంది" అని గంతులేస్తారు. ముద్రించినవి ముందు జారీ సంస్థ ఖజానా వాలెట్లోనే నిల్వ కోసం ఉండొచ్చు. చూడాల్సింది ఖజానా నుంచి బయటికొచ్చి ఎక్స్ఛేంజ్‌ల వాలెట్లకు చేరిన మొత్తం, అదీ ఒక రోజుది కాదు, 30 రోజుల నికర మార్పు.

మార్జిన్_గీత (పోస్టు 5)

ఇంతవరకూ స్పాట్, అంటే కాయిన్నే నేరుగా కొని అమ్మే మార్కెట్ మాటలే వచ్చాయి. ధర 5% కదలాల్సిన చోట 15% కదలడానికి కారణం లివరేజ్, అంటే కొద్దిపాటి మార్జిన్ (పూచీ సొమ్ము) పెట్టి దానికి కొన్ని రెట్ల పొజిషన్ తీసుకోవడం. క్రిప్టోలో రిస్కు అర్థం కావాలంటే ముందు దీన్నే విప్పి చూడాలి.

పర్పెచువల్ ఫ్యూచర్ అంటే కాయిన్ ధర మీద కుదుర్చుకునే ఒప్పందం, దీనికి గడువు తేదీ ఉండదు. దాన్ని స్పాట్ ధర దగ్గర పట్టి ఉంచే తాడు ఫండింగ్ రేటు. చాలా ఎక్స్ఛేంజ్‌లలో 8 గంటలకోసారి చెల్లింపు. రేటు పాజిటివ్ అయితే లాంగ్‌లో ఉన్నవాళ్ళు (ధర పెరుగుతుందని పందెం కాసినవాళ్ళు) షార్ట్‌లో ఉన్నవాళ్ళకి (పడుతుందని కాసినవాళ్ళకి) కడతారు. మామూలు రోజుల్లో 0.01% ఉంటుంది, ఏడాదికి లెక్కేస్తే 10.95%. ఉత్సాహం ముదిరినప్పుడు 0.05%కి వెళ్తే రోజుకు 0.15%, ఏడాదికి 54.75%. ఇది పొజిషన్ మొత్తం మీద లెక్క. 10 రెట్ల లివరేజ్ తీసుకున్నవాళ్ళకి తమ మార్జిన్‌లోంచి రోజుకు 1.5% కరిగిపోతుంటుంది. ధర కదలకుండా రెండు వారాలు నిలబడితే చాలు, మార్జిన్‌లో ఐదో వంతు పోయినట్టే.

ఫండింగ్ ఎక్కువగా ఉన్నంత మాత్రాన ధర వెంటనే పడుతుందని కాదు. వారాల తరబడి ఎక్కువగానే ఉండి ధర పెరుగుతూ పోయిన సందర్భాలున్నాయి. అది చెప్పేది ఒక్కటే: అందరూ పడవకి ఒకే పక్కన కూర్చున్నారు. ఓపెన్ ఇంటరెస్ట్ (ఇంకా మూయని పొజిషన్ల మొత్తం) కూడా పెరుగుతూ, స్పాట్ కొనుగోళ్ళు మందగిస్తే అప్పుడు పడవ ఒరిగే అవకాశం ఎక్కువ.

కొత్త_మొలక (పోస్టు 6)

10 రెట్లు తీసుకుంటే 10% పడినప్పుడు లిక్విడేషన్ (ఎక్స్ఛేంజ్ బలవంతంగా పొజిషన్ మూసెయ్యడం), 5 రెట్లకి 20%, అంతే కదా?

మార్జిన్_గీత (పోస్టు 7)

అంతకంటే ముందే అవుతుంది. మెయింటెనెన్స్ మార్జిన్ (పొజిషన్ నిలవాలంటే కనీసం మిగలాల్సిన సొమ్ము) అని ఒకటుంటుంది, 0.5% అనుకుందాం. 100 దగ్గర 10 రెట్ల లాంగ్ తీసుకుంటే లిక్విడేషన్ ధర 90 ÷ 0.995 = 90.45. అంటే 9.55% పడితే చాలు. పొజిషన్ పెద్దదయ్యేకొద్దీ ఎక్స్ఛేంజ్ ఈ మెయింటెనెన్స్ శాతాన్ని పెంచుతుంది, ఆ పట్టిక ముందే చదువుకోవాలి. ఫీజులు, ఫండింగ్ దీనికి అదనం.

చాలామంది పట్టించుకోనిది ఇంకొకటుంది. మార్జిన్ డాలర్ స్టేబుల్ కాయిన్‌లో పెట్టారా, అదే కాయిన్‌లో పెట్టారా అన్నదాన్ని బట్టి లెక్క మారిపోతుంది.

బిట్‌కాయిన్ 50,000 దగ్గర ఉంది. 10,000 డాలర్ల లాంగ్, రెండు రెట్ల లివరేజ్. మార్జిన్‌గా 0.1 బిట్‌కాయిన్ పెట్టారు. పొజిషన్ విలువ 0.2 బిట్‌కాయిన్. ధర 33,333కి పడింది. ఇప్పుడు ఆ 10,000 డాలర్లకి సమానం 0.3 బిట్‌కాయిన్. నష్టం 0.1. అంటే మార్జిన్ మొత్తం హరీ. పడింది 33.3% మాత్రమే! ఇదే రెండు రెట్ల లాంగ్‌ని డాలర్ మార్జిన్‌తో తీసుకుంటే, మెయింటెనెన్స్ పక్కన పెడితే, 50% పడేదాకా ఆగేది. కాయిన్ మార్జిన్‌లో పొజిషన్ నష్టపోతుంటే పూచీగా పెట్టిన కాయిన్ విలువ కూడా అదే సమయంలో తగ్గుతుంది. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు.

2020 మార్చి 12న బిట్‌కాయిన్ ఒక్క రోజులో దాదాపు 40% పడింది. పాటు అంత లోతుకు పోవడానికి అప్పటి ఫ్యూచర్లలో కాయిన్ మార్జిన్‌వే ఎక్కువగా ఉండటం ఒక పెద్ద కారణం.

గొలుసుకట్టు లిక్విడేషన్ నడిచే తీరు ఇది: ధర కొంచెం పడుతుంది, ఎక్కువ లివరేజ్ ఉన్నవి తెగుతాయి, వాటిని ఎక్స్ఛేంజ్ మార్కెట్లో బలవంతంగా అమ్ముతుంది. ఆ అమ్మకం పలచని ఆర్డర్ బుక్‌ని తినేస్తుంది (పోస్టు 3లో మెట్లు గుర్తు తెచ్చుకోండి), ధర ఇంకా పడుతుంది, తర్వాతి వరుస తెగుతుంది. ఈలోపు మార్కెట్ మేకర్లు (రెండు వైపులా ఆర్డర్లు పెట్టి ఉంచే వ్యాపారులు) తమ ఆర్డర్లు వెనక్కి తీసుకుంటారు. లోతు అత్యవసరమైన నిమిషంలోనే లోతు ఉండదు.

ఆర్డర్‌బుక్_అద్దం (పోస్టు 8)

దీనికి 2025 అక్టోబర్ 10 కంటే మంచి ఉదాహరణ లేదు. చైనా సరుకుల మీద అమెరికా కొత్త సుంకాల ప్రకటన వచ్చాక ఒక్క రోజులో దాదాపు 1,900 కోట్ల డాలర్ల పొజిషన్లు లిక్విడేట్ అయ్యాయి. చిన్న ఆల్ట్‌కాయిన్లు (బిట్‌కాయిన్ కాని కాయిన్లు) కొన్ని కాసేపు అసలు కొనేవాళ్ళే లేక ఎక్కడికో పడి మళ్ళీ లేచాయి.

ఆ రోజు దెబ్బతిన్నది లాంగ్‌లే కాదు. లిక్విడేషన్ నష్టాల్ని భరించే ఇన్సూరెన్స్ ఫండ్ చాలనప్పుడు ఎక్స్ఛేంజ్ ఆటో డీలివరేజింగ్ మొదలుపెడుతుంది. లాభంలో ఉన్న షార్ట్‌లని తనే మూసేస్తుంది. స్పాట్‌లో కాయిన్లు పట్టుకుని, రిస్కు లేకుండా ఫండింగ్ తినడానికి అంతే షార్ట్ పెట్టుకున్నవాళ్ళ పరిస్థితి ఆలోచించండి. షార్ట్ మూసుకుపోయింది, స్పాట్ చేతిలో మిగిలింది, మార్కెట్ పడుతూనే ఉంది. హెడ్జ్ (నష్టానికి అడ్డు) అనుకున్నది ఉత్త లాంగ్‌గా మారిపోయింది. "డెల్టా న్యూట్రల్, కాబట్టి రిస్కు లేదు" అని రాసేవాళ్ళు (స్పాట్, షార్ట్ సమానం కాబట్టి ధర ఎటు కదిలినా ఫర్వాలేదని అర్థం) ఆటో డీలివరేజింగ్ నిబంధనని తమ ఎక్స్ఛేంజ్ నియమావళిలో వెతికి చదవాలి.

మోడరేటర్ (పోస్టు 9)

ఫలానా కాయిన్ కొనాలా అని అడిగిన రెండు పోస్టులు తీసేశాను. ఇక్కడ యంత్రాంగం గురించే మాట్లాడుకుందాం.

వారపు_రాబడి (పోస్టు 10)

నేను రాబడుల గణాంకాల వైపు నుంచి వస్తాను. "క్రిప్టో రాబడిని ఏది ముందుగా చెబుతుంది" అనే ప్రశ్నకి పరిశోధకులు బాగానే పనిచేశారు. యుకున్ లియు, అలే సివిన్‌స్కీ 2021లో ప్రచురించిన అధ్యయనంలో రెండు విషయాలు నిలబడ్డాయి. ఒకటి మొమెంటమ్: ఈ వారం పెరిగితే వచ్చే ఒకటి నుంచి నాలుగు వారాల్లో పెరిగే మొగ్గు. రెండు, జనం దృష్టి: గూగుల్ వెతుకులాట, ట్విట్టర్ ప్రస్తావనలు పెరిగాక ధర పెరిగే మొగ్గు. స్టాక్ మార్కెట్, కరెన్సీల కారకాలతో సంబంధం బలహీనమని కూడా తేల్చారు. తర్వాత షి వూతో కలిసి, కాయిన్ల మధ్య రాబడి తేడాల్ని మూడు కారకాలతో వివరించొచ్చన్నారు: మొత్తం మార్కెట్, కాయిన్ పరిమాణం, మొమెంటమ్.

ఇది చదివి వెంటనే చిన్న కాయిన్లు కొనడానికి పరుగెత్తొద్దు. ఆ అధ్యయనాల డేటా ఎక్కువగా 2020కి ముందుది. స్టాక్ మార్కెట్‌తో సంబంధం ఆ తర్వాత మారిపోయింది. అంతర్జాతీయ ద్రవ్యనిధి 2022 జనవరిలో ఇచ్చిన లెక్క ప్రకారం బిట్‌కాయిన్‌కీ అమెరికా స్టాక్ సూచీ ఎస్అండ్‌పీ 500కీ రోజువారీ రాబడుల సహసంబంధం (కలిసి కదిలే స్థాయి: 0 అంటే లేదు, 1 అంటే పూర్తిగా) 2017-19లో 0.01, 2020-21లో 0.36. ఇదొక్కటే చాలు, పాత డేటాతో కట్టిన మోడల్ ఎందుకు జారిపోతుందో చెప్పడానికి.

మొమెంటమ్‌ని మీరే పరీక్షించుకోవాలంటే:

ప్రతి వారం ఆ రోజు నాటి మార్కెట్ క్యాప్ ప్రకారం మొదటి 100 కాయిన్లు తీసుకోండి. ఇవాళ్టి జాబితా వెనక్కి పెట్టి చూస్తే చచ్చిపోయిన కాయిన్లు లెక్కలోంచి మాయమవుతాయి, ఫలితం అద్భుతంగా కనిపిస్తుంది. అందరూ చేసే తప్పు ఇదే. స్టేబుల్ కాయిన్లనీ, మరో కాయిన్‌కి ముడిపెట్టిన వ్రాప్డ్ టోకెన్లనీ తీసేయండి. గత మూడు వారాల రాబడితో వరుసలో పెట్టి పై ఐదో వంతు కొని, వారం ఉంచండి. మధ్యలో డీలిస్ట్ అయినదాన్ని (ఎక్స్ఛేంజ్ తీసేసినదాన్ని) చివరి ధరకి అమ్మినట్టు రాసుకోవద్దు, సున్నాగానో దానికి దగ్గరగానో వెయ్యండి. చివరగా ఖర్చు. ఫీజు, స్లిప్పేజ్ (అనుకున్న ధరకీ దొరికిన ధరకీ తేడా) కలిపి ఒక్కో వైపు 0.3% అనుకుంటే, వారానికోసారి మొత్తం మారితే 0.6%, ఏడాదికి 31.2%. కాగితం మీద 40% చూపించిన వ్యూహం చేతికొచ్చేసరికి ఎంత మిగులుతుందో చూసుకోండి. షార్ట్ వైపు లాభాన్ని అసలు కలపొద్దు, చిన్న కాయిన్లని షార్ట్ చెయ్యడానికి అప్పు పుట్టదు.

ఇంకో తప్పు గురించి. కాలంతో పాటు పెరిగే రెండు అంకెల్ని తీసుకుని రిగ్రెషన్ (రెండింటి బంధాన్ని చూపే గీత) గీస్తే ఆర్ స్క్వేర్డ్ (ఆ గీత ఎంత అతికిందో చెప్పే అంకె, గరిష్ఠం 1) 0.9 పైన రావడం మామూలే. స్టాక్ టు ఫ్లో మోడల్ (ఉన్న కాయిన్లకీ ఏటా కొత్తగా పుట్టేవాటికీ ఉన్న నిష్పత్తితో ధర చెప్పేది) కథ ఇదే. 2021 చివరికి లక్ష డాలర్లన్నారు, ఏడాది 46,000 దగ్గర ముగిసింది. ధర మీద కాకుండా రాబడుల మీద రిగ్రెషన్ చేసుంటే ఆ బంధం ఎంత పలచనో ముందే తేలేది.

గొలుసు_గణకుడు (పోస్టు 11)

జనం దృష్టి గురించి ఒక అభ్యంతరం. దృష్టి ధరని పెంచుతుందా, పెరిగిన ధర దృష్టిని లాగుతుందా? బ్యాంక్ ఫర్ ఇంటర్నేషనల్ సెటిల్‌మెంట్స్ పరిశోధకులు 2022లో ఎక్స్ఛేంజ్ యాప్‌ల డౌన్‌లోడ్లు చూశారు. ధర పెరిగాకే కొత్తవాళ్ళు చేరుతున్నారు. దరిదాపు నాలుగింట మూడు వంతుల మంది బిట్‌కాయిన్ మీద నష్టపోయి ఉంటారని వాళ్ళ అంచనా. కాయిన్ దీర్ఘకాలంలో పెరిగినా మదుపరులు నష్టపోవడం ఇలాగే సాధ్యం. డబ్బులో ఎక్కువ భాగం శిఖరం దగ్గరే వస్తుంది.

వారపు_రాబడి (పోస్టు 12)

ఒప్పుకుంటాను. రెండు వైపులా నడుస్తుంది, అందుకే దాన్ని నేను కారణం అనను, ఊపు ఎంత ముదిరిందో చెప్పే కొలతగా మాత్రమే వాడతాను. మదుపరి రాబడి కొలవాలంటే కాయిన్ రాబడి కాదు, డబ్బు పెట్టిన తేదీల్ని బట్టి అంతర్గత రాబడి రేటు లెక్కవేయాలి.

సహసంబంధం లెక్కలో ఒక చిన్న మెళకువ. క్రిప్టో రోజు యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అర్ధరాత్రికి ముగుస్తుంది, అమెరికా స్టాక్ మార్కెట్ దానికి మూడు, నాలుగు గంటల ముందు ముగుస్తుంది. రెండు ముగింపు ధరల్నీ అలాగే జత చేస్తే సమయాలు కుదరవు, సహసంబంధం తక్కువగా కనిపిస్తుంది. స్టాక్ మార్కెట్ ముగిసే నిమిషానికి ఉన్న క్రిప్టో ధర తీసుకోండి, లేదా వారపు రాబడులతో చెయ్యండి. శని, ఆదివారాల కదలికని సోమవారం రాబడిలో కలపడం మర్చిపోవద్దు.

తూనికరాయి (పోస్టు 13)

వడ్డీ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. 2022 మార్చి మధ్యదాకా ఫెడ్ రేటు 0-0.25%, 2023 జులైకి 5.25-5.5%. రిస్కు లేకుండా 5% వస్తుంటే, ఏ ఆదాయమూ ఇవ్వని ఆస్తిని పట్టుకోవడానికి జనం ఎక్కువ రాబడి ఆశిస్తారు. అంటే ఇవాళ తక్కువ ధరే ఇస్తారు. 2021 నవంబర్‌లో 69,000 దగ్గరున్న బిట్‌కాయిన్ 2022 నవంబర్‌లో 15,500 దాకా పడటానికి ఇదొక్కటే కారణం కాదు, టెర్రా అనే స్టేబుల్ కాయిన్ వ్యవస్థ, ఎఫ్‌టీఎక్స్ అనే ఎక్స్ఛేంజ్ కూలడం కూడా తోడైంది. కానీ గాలి ఎటు వీస్తోందో అదే చెప్పింది.

అయితే రేట్లు ఇంకా పైనే ఉండగానే 2023లో ధర లేచింది. మార్కెట్ ఇవాళ్టి రేటుని కాదు, ముందున్న రేట్ల అంచనాలో వచ్చే మార్పుని చూస్తుంది.

కొత్త_మొలక (పోస్టు 14)

చాలా ఆల్ట్‌కాయిన్లకి హాల్వింగ్ ఉండదు కదా, వాటి సరఫరా లెక్క ఎలా చూడాలి?

ఆర్డర్‌బుక్_అద్దం (పోస్టు 15)

అన్‌లాక్ పట్టిక చూడాలి, అంటే కట్టి ఉంచిన టోకెన్లు ఎప్పుడెన్ని విడుదలవుతాయో. బిట్‌కాయిన్‌లో సరఫరా ప్రభావం నెమ్మది అనుకున్నాం. కొత్త టోకెన్లలో అదే ప్రధానం.

మొత్తం 100 కోట్ల టోకెన్లు, చలామణిలో 10 కోట్లు, ధర 2 డాలర్లు. మార్కెట్ క్యాప్ 20 కోట్ల డాలర్లు, చవగ్గా కనిపిస్తుంది. పూర్తి సరఫరా లెక్కన 200 కోట్లు. ఏడాది గడువు తీరాక తొలి మదుపరులకీ, జట్టుకీ నెలకు 2 కోట్ల టోకెన్లు విడుదలవుతాయి. మొదటి నెలలోనే చలామణి 20% పెరిగింది. ధర 2 దగ్గర నిలవాలంటే, విడుదలైనవాళ్ళు సగం అమ్మినా, నెలకు 2 కోట్ల డాలర్ల కొత్త కొనుగోలు కావాలి. వాళ్ళకి పడిన ధర 5 సెంట్లయితే 2 డాలర్ల దగ్గరేమిటి, 50 సెంట్ల దగ్గర కూడా పెట్టినదానికి పదింతలు. అమ్మకుండా ఎందుకుంటారు?

చూడాల్సిన క్రమం: ముందు అన్‌లాక్ తేదీలు. తర్వాత విడుదలయ్యే మొత్తం నిజమైన రోజువారీ వాల్యూమ్‌కి ఎన్ని రెట్లు. ఆ తర్వాత ఎవరికి వెళ్తోంది. స్టేకింగ్ (నెట్‌వర్క్ భద్రతకి టోకెన్లు పూచీగా కట్టడం) బహుమతులు చిల్లరగా చాలామందికి వెళ్తాయి, తొలి మదుపరుల వాటా కొద్దిమందికి వెళ్తుంది. అమ్మకం తరచూ తేదీకి ముందే మొదలవుతుంది, పర్పెచువల్స్‌లో ముందే షార్ట్ పెట్టి లాభం కట్టేసుకుంటారు. తేదీ రోజున ధర పడలేదని మోసపోవద్దు.

గొలుసు_గణకుడు (పోస్టు 16)

ఇథీరియం ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. 2021 ఆగస్టు నుంచి ప్రతి లావాదేవీ మూల రుసుము దహనమవుతోంది, అంటే ఆ కాయిన్లు శాశ్వతంగా చలామణిలోంచి పోతాయి. 2022 సెప్టెంబర్ 15న మెర్జ్‌తో (మైనింగ్ వదిలి స్టేకింగ్‌కి మారడంతో) కొత్త జారీ దాదాపు 90% తగ్గింది. సరఫరా తగ్గుముఖం పట్టింది. 2024 మార్చిలో డెన్‌కున్ మార్పు వచ్చాక రెండో పొర (ఇథీరియం మీద నడిచే అనుబంధ) నెట్‌వర్కుల రుసుములు బాగా తగ్గి, దహనం కూడా తగ్గి, సరఫరా మళ్ళీ మెల్లగా పెరగడం మొదలైంది. సరఫరా నియమం ఒకసారి రాసేస్తే మారదన్న ధీమా బిట్‌కాయిన్‌కి సరిపోవచ్చు, మిగతావాటిని వాటి వాటి అప్‌గ్రేడ్‌లతో కలిపి చదవాలి.

తూనికరాయి (పోస్టు 17)

రిస్కు అనగానే అందరూ వోలటిలిటీ (ధర ఊగిసలాట కొలత) తీస్తారు. రోజువారీ కదలిక 3% అయితే ఏడాదికి 3 × √365 = 57%. (స్టాక్‌ల అలవాటుతో √252 వేస్తే 48% వస్తుంది, తప్పు. ఇక్కడ సెలవు రోజుల్లేవు.) కానీ ఈ కొలతకి అస్సలు కనిపించని రిస్కు ఒకటుంది.

టెర్రా యూఎస్‌డీ (యూఎస్‌టీ) అనే స్టేబుల్ కాయిన్ 2022 మేకి ముందు నెలల తరబడి డాలర్ దగ్గరే ఉంది. వోలటిలిటీ దాదాపు సున్నా. దాన్ని యాంకర్ అనే డిపాజిట్ వేదికలో పెడితే ఏడాదికి 20%కి దగ్గరగా వడ్డీ. ఆ రాబడి దేనికి ప్రతిఫలమో లెక్కేయండి. వేరేచోట నిశ్చింతగా 5% వస్తుందనుకుంటే, 1.20 × (1 − p) = 1.05, p = 12.5%. అంటే ఏడాదిలో పూర్తిగా పోయే అవకాశం ఎనిమిదింట ఒక వంతు కంటే ఎక్కువైతే ఆ 20% వడ్డీ నష్టపు బేరమే. ఎక్కడ పెద్ద రాబడి చూపించినా ముందు ఈ p లెక్క వేసుకోవాలి.

అది కూలిన తీరు కూడా దగ్గర్నుంచి చూడాల్సిందే. ఒక యూఎస్‌టీని తగలబెడితే ఒక డాలర్ విలువైన లూనా (టెర్రావాళ్ళదే ఇంకో కాయిన్) ఇచ్చేవారు. లూనా 80 డాలర్లున్నప్పుడు కోటి యూఎస్‌టీకి 1.25 లక్షల లూనా పుడుతుంది. లూనా 10 సెంట్లకి పడ్డాక అదే కోటికి 10 కోట్ల లూనా. ఎంత పడితే అంత ముద్రణ, ఎంత ముద్రిస్తే అంత పతనం. 35 కోట్ల దగ్గరున్న లూనా సరఫరా కొద్ది రోజుల్లో 6.5 లక్షల కోట్లకి చేరింది.

మార్జిన్_గీత (పోస్టు 18)

నిల్వలున్న స్టేబుల్ కాయిన్‌కీ ఇంకో రకం బలహీనత ఉంది. 2023 మార్చిలో యూఎస్‌డీసీ అనే స్టేబుల్ కాయిన్ నిల్వలు సుమారు 4,000 కోట్ల డాలర్లలో 330 కోట్లు కూలిపోయిన సిలికాన్ వ్యాలీ బ్యాంకులో చిక్కుకున్నాయి. అంటే మొత్తం పోయినా లోటు 8% చిల్లర. కానీ ధర 88 సెంట్ల దాకా పడింది. కారణం: వారాంతం, బ్యాంకులు మూసి ఉన్నాయి, డాలర్‌కి డాలర్ వెనక్కిచ్చే కిటికీ మూతబడింది. ఆ కిటికీ తెరిచి ఉన్నంతకాలమే ఒక డాలర్ ధర నిలుస్తుంది. మూతబడ్డ మరుక్షణం అదీ ఆర్డర్ బుక్ మీద ఆధారపడ్డ మామూలు టోకెనే. డిపాజిట్లకు హామీ వచ్చి సోమవారం కిటికీ తెరవగానే ధర తిరిగొచ్చింది. మీ మార్జిన్ అందులోనే ఉంటే మాత్రం ఆ మధ్యలోనే లిక్విడేట్ అయ్యే ప్రమాదం ఉంది.

కొత్త_మొలక (పోస్టు 19)

ఇన్ని రిస్కులున్నప్పుడు మొత్తం పొదుపులో ఎంత పెట్టొచ్చని ఎలా తేల్చుకోవాలి? 10% అంటే తక్కువే కదా?

వారపు_రాబడి (పోస్టు 20)

డబ్బులో 10%, రిస్కులో 10% కాదు. స్టాక్‌ల వోలటిలిటీ 15%, క్రిప్టోది 60%, సహసంబంధం 0.4 అనుకోండి. క్రిప్టో వాటా 5% అయితే మొత్తం రిస్కులో దాని భాగం 10.6%. వాటా 10% అయితే రిస్కులో భాగం 24%. వాటా రెట్టింపు చేస్తే రిస్కు భాగం రెట్టింపుని దాటిపోతోంది.

అంత గణితం వద్దనుకుంటే వెనకనుంచి రండి. మొత్తం 10,00,000. క్రిప్టో వల్ల పోయినా తట్టుకోగలిగేది 4%, అంటే 40,000. బిట్‌కాయిన్ గత పెద్ద పాట్లు: 2017 డిసెంబర్ నుంచి 2018 డిసెంబర్‌కి దాదాపు 84%, 2021-22లో 77%. కాబట్టి 80% పడుతుందని వేసుకోండి. 40,000 ÷ 0.8 = 50,000. అదే 5%. ఆల్ట్‌కాయిన్ అయితే 0.8 బదులు 1 వెయ్యండి, చాలావరకు తిరిగి లేవవు. 80% పడ్డది మళ్ళీ మొదటికి రావాలంటే 400% పెరగాలి.

ఎక్స్ఛేంజ్ మునిగిపోయే రిస్కు ఈ లెక్కలో లేదు. 2022 నవంబర్‌లో ఎఫ్‌టీఎక్స్ దివాలా తీసినప్పుడు అక్కడ కాయిన్లున్నవాళ్ళ వోలటిలిటీ లెక్కలన్నీ సరిగ్గానే ఉండి ఉండొచ్చు, ఉపయోగం లేకపోయింది. అవసరానికి మించినది ఎక్స్ఛేంజ్‌లో ఉంచొద్దు.

కొత్త_మొలక (పోస్టు 21)

5% పెట్టాక అది పెరిగి 9% అయితే అలాగే వదిలేయాలా?

వారపు_రాబడి (పోస్టు 22)

వదిలేస్తే మీరు తేల్చుకున్న 4% నష్టపు గీత చెరిగిపోయినట్టే. 9%లో 80% పోతే 7.2%. నెలకోసారి తేదీ చూసి సర్దడం కంటే హద్దులు పెట్టుకోవడం మేలు: 7.5% దాటితే అమ్మి 5%కి తేవడం, 2.5% కిందికి పోతే కొని 5%కి తేవడం. చిన్న కదలికలకి ఫీజు, పన్ను కట్టే పని తప్పుతుంది. కింది హద్దు మాత్రం బిట్‌కాయిన్, ఇథీరియం లాంటివాటికే పెట్టుకోండి. పడుతున్న చిన్న టోకెన్‌కి ఈ నియమం వర్తింపజేస్తే, సున్నాకి పోయేదాంట్లో పదే పదే డబ్బు పోసినట్టవుతుంది.

మార్జిన్_గీత (పోస్టు 23)

అమ్మకపు హద్దుకి లిమిట్ ఆర్డర్ (ఫలానా ధరకే అమ్మమనే ఆర్డర్) ముందే పెట్టి ఉంచండి. కొనుగోలు హద్దుకి మాత్రం ఆర్డర్ పెట్టి వదిలేయొద్దు. అక్టోబర్ 10 లాంటి రోజున ఆ ధర తగిలిందంటే ముందు స్టేబుల్ కాయిన్ డాలర్ దగ్గరే ఉందా, ఎక్స్ఛేంజ్ విత్‌డ్రాయల్స్ నడుస్తున్నాయా చూసి అప్పుడు కొనాలి.